గృహప్రవేశ వైరాగ్యం

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన రాశారు. వయసు 48, మిర్చి యార్డులో కమీషన్ కొట్లో గుమాస్తా. నాన్న పోయాక తమ్ముణ్ణి తనే చదివించారు. ఒక ఏడాది ఫీజుకి భార్య గాజులు తాకట్టు పెట్టారు. ఆ తమ్ముడు ఈమధ్య విజయవాడలో ఇల్లు కట్టుకుని, వాట్సాప్‌లో కార్డు పంపి ‘వీలుంటే రా అన్నయ్యా’ అన్నాడట. వెళ్తే పెత్తనమంతా అతని బావమరుదులదే. వీళ్ళు మూడో బంతిలో తిని బస్సెక్కారు. ఆ రోజు నుంచి ఈయన ఎవరి మీదా మమకారం లేకుండా తామరాకు మీద నీటిబొట్టులా ఉంటున్నారు. మనసు పెట్టి బతకాలా, అంటీముట్టనట్టు ఉండాలా అని అడిగారు.

దానికి నేను జవాబు చెప్పను. మీకు దాంతో పనిలేదు. పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని పెద్దలు మూడు చెబుతారు. మీది నాలుగోది, గృహప్రవేశ వైరాగ్యం. ఇళ్ళల్లో దాన్ని అలక అంటాం. తమ్ముడొచ్చి ‘తప్పయింది అన్నయ్యా’ అంటే ఆ సాయంత్రానికే దిగిపోతుంది.

తామరాకు ఊసెత్తారు కనక చెబుతున్నా. గీత 5వ అధ్యాయం 10వ శ్లోకంలో ఆ పోలిక ఉంది. పనులన్నీ చేస్తూనే ఆశ వదిలినవాడి గురించి చెప్పింది. అర్జునుడు విల్లు పడేస్తే కృష్ణుడు ‘పోనీలే, ఇంటికి పోదాం పద’ అనలేదుగా!

నన్ను పట్టుకున్నది మీ ఉత్తరం చివరి ముక్క. ‘మా ఆవిడ ఏదన్నా చెబితే ఊ అని ఊరుకుంటున్నా. ఈమధ్య ఆవిడా ఏం చెప్పడం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.’

ప్రశాంతం ఎవరికండీ? మిరప ఘాటుకి తుమ్ముకుంటూ ఇంటికొచ్చిన మీకు కంచం పెట్టి, ఎదురుగా కూర్చుని, చెప్పాలనుకున్నది మింగేసి గిన్నెలు తీసుకెళ్ళే మనిషికా? గాజులు తీసిచ్చింది ఆవిడ. బొట్టు పెట్టి పిలవాల్సిందీ ఆ వదినగారినే. పిలుపు తప్పింది ఆవిడకైతే, అవమానమంతా మీ ఒక్కరి పేరునే రాసుకున్నారు. పైగా శిక్ష ఆవిడకి. ఆ రోజు తిరుగు బస్సులో ఆవిడ ఏమన్నదో ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరు అడిగి ఉండరు.

తమ్ముడు చేసింది తప్పే. పెంచినందుకు కూలి అడగకూడదు గానీ మర్యాద అడగొచ్చు, అడిగి తీరాలంటాను నేను. విజయవాడ ఎంత, గంట దారి. మే నెలలో యార్డుకి సెలవులిస్తారుగా, ఇద్దరూ కలిసి వెళ్ళండి. ‘మీ వదినకి బొట్టు పెట్టి చెప్పడానికి తీరిక లేకపోయిందేరా’ అని మొహం మీదే అడగండి. ఫోన్లో వద్దు. అతని జవాబు నచ్చకపోతే మంచినీళ్ళు తాగి లేచి వచ్చెయ్యండి, అంతే.

అన్నట్టు, ఆ గాజులు ఆవిడ చేతికి తిరిగొచ్చాయో, వేలంలో పోయాయో మీరు రాయలేదు. అది మాత్రం మే దాకా ఆపకండి. ఎన్నాళ్ళ కిందటి రసీదైనా ఆవిడ దాచే ఉంటుంది. ఎక్కడుందో ఇవాళ రాత్రి భోజనం దగ్గర అడగండి.