వాలి వినని మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాకు కొట్లాటలంటే గిట్టదు. ఇద్దరు తోసుకుంటుంటేనే తల తిప్పుకొని వెళ్లిపోతాను. అయినా బాక్సింగ్ సినిమా మొదలైతే చివరి గంట మోగేదాకా లేవలేను. రామాయణ భారతాలు కూడా అంతే ఇష్టంగా చదువుతాను. వాటిలో తార, ద్రౌపది వంటి స్త్రీల ఘట్టాల దగ్గర ఎక్కువసేపు ఆగిపోతాను. ఈ రెండు ఇష్టాలకూ ఏమైనా పొత్తు ఉందా, లేక నా అభిరుచే గందరగోళమా? (ఒక పాఠకురాలు)

జవాబు: గందరగోళమేమీ లేదు. బాక్సింగ్ సినిమాలో మిమ్మల్ని కట్టిపడేసేది దెబ్బలు కావని నా అభిప్రాయం. 1867లో వెలువడిన క్వీన్స్‌బెర్రీ బాక్సింగ్ నియమాలు మూడు నిమిషాల పోరు తరువాత ఒక నిమిషం విరామం ఉండాలన్నాయి. పడిపోయినవాడు పది సెకన్లలోగా ఎవరి సాయమూ లేకుండా లేవాలన్నాయి. కథ చెప్పేవారికి ఇంతకు మించిన వరం ఉండదు. ఆ ఒక్క నిమిషంలో బాక్సర్ తన మూలకు వచ్చి స్టూలు మీద కూలబడతాడు. ఎవరో ఒకరు నీళ్లు తాగించి, వాచిన కంటిని ఒత్తి, ఎదుటివాడు ఏ చేతిని ఎప్పుడు దించుతున్నాడో చెవిలో చెబుతారు. దెబ్బలు తింటున్నవాడికి తెలియనిది బయట నిలబడినవారికి తెలుస్తుంది. ఆ మాట వింటాడా, వినడా, విన్నా మళ్లీ లేచే శక్తి మిగిలిందా అన్నదే మనల్ని కూర్చోబెడుతుంది. దెబ్బలు దానికి జవాబు మాత్రమే.

మన ఇతిహాసాలలో ఆ మూలలో నిలబడినవారు చాలాచోట్ల స్త్రీలే. కిష్కింధాకాండను మరొకసారి తీసి చూడండి. మొదటి పోరులో సుగ్రీవుడు చావుదెబ్బలు తిని పారిపోతాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే పోలికలో ఉండడం వల్ల బాణం వేయలేకపోయానని రాముడు చెబుతాడు. గుర్తు కోసం లక్ష్మణుడు గజపుష్పి తీగను సుగ్రీవుని మెడలో కడతాడు. సుగ్రీవుడు తిరిగి వచ్చి గర్జించగానే వాలి కోపంతో లేస్తాడు. అప్పుడు తార అతన్ని ఆపి చెప్పిన మాటలు పోరును చదవడం తెలిసినవారి మాటలు. ఇప్పుడే ఓడి పారిపోయినవాడు వెంటనే తిరిగి వచ్చి పిలుస్తున్నాడంటే అతని వెనుక ఎవరో ఉండాలి. సుగ్రీవుడు తెలివైనవాడు, బలం పరీక్షించకుండా ఎవరితోనూ స్నేహం చేయడు. ఆ స్నేహం రామునితో కుదిరిందని అంగదుడు చారుల ద్వారా విన్నాడు. కాబట్టి తమ్మునితో సంధి చేసుకో. ఇందులో శకునాలు లేవు, కలలు లేవు. కళ్ల ముందు జరిగినదాని నుంచి తర్కం, చారుల నుంచి అందిన సమాచారం, వాటి మీద నిలబడిన సలహా ఉన్నాయి. రాముడు ధర్మం తెలిసినవాడు, పాపం ఎందుకు చేస్తాడని వాలి ఆమెను వెనక్కి పంపేస్తాడు. మూలలో ఉన్నవారి మాట వినకుండా రెండో రౌండుకు లేచినవాని కథ ఇంత క్లుప్తంగా, ఇంత నిర్దాక్షిణ్యంగా చెప్పిన సినిమాను నేను చూడలేదు.

విదుల అంతగా పేరు వినబడని స్త్రీ. ఉద్యోగపర్వంలో, కృష్ణుని రాయబారం విఫలమైన తరువాత, కుంతి తన కొడుకులకు చెప్పమని అతనికి వినిపించిన కథ ఆమెది. సింధురాజు చేతిలో ఓడి, పడుకొని లేవని కొడుకు సంజయుణ్ణి విదుల మాటలతో చీల్చి చెండాడుతుంది. చాలాకాలం పొగలాడుతూ ఉండడం కంటే క్షణకాలం మండడం మేలంటుంది. తల్లివై ఉండి ఇంత కఠినంగా ఎలా మాట్లాడగలుగుతున్నావని కొడుకు అడిగినా ఆమె మెత్తబడదు. అయితే అరిచి ఊరుకోదు కూడా. ధనమూ, తోడు వచ్చేవారూ లేరు కదా అని అతను నిలదీసినప్పుడు, అతనికి తెలియని ధనరాశి తన దగ్గర ఉన్నదనీ, వెనుదీయని మిత్రులు ఉన్నారనీ బయటపెడుతుంది. మంచి కోచ్‌కూ కేకలు వేసేవాడికీ తేడా ఇక్కడే ఉంది: కోచ్ లేవమనడంతో పాటు లేచాక ఏం చేయాలో కూడా చెబుతాడు. పాండవుల పెద్ద యుద్ధానికి ముందు కుంతికి ఈ కథే గుర్తుకు రావడం వ్యాసుని కథన నేర్పు.

ప్రశ్న: అంటే స్త్రీలు సలహాలు ఇవ్వడానికే ఉన్నారా? తామే చెయ్యి చేసుకున్నవారు ఎవరూ లేరా?

జవాబు: ఉన్నారు. అరణ్యపర్వంలో జయద్రథుడు పైట పట్టి లాగినప్పుడు ద్రౌపది అతన్ని తోసిన తోపుకు వేరు తెగిన చెట్టులా పడతాడు. విరాటపర్వంలో కీచకుణ్ణి కూడా నేలమీదికి విసిరే పారిపోయింది. ఆ తరువాత అతను వెంటపడి సభలో, రాజు ఎదుట, కాలితో తన్నాడు. మన నాటకాలు, సినిమాలు ఆ తన్నును మాత్రమే చూపించి, అంతకుముందు ఆమె విసిరిన సంగతిని ఎందుకు వదిలేస్తాయో నాకు అర్థం కాదు. రామాయణంలో కైకేయి దేవాసుర యుద్ధంలో గాయపడి స్పృహ తప్పిన దశరథుణ్ణి రణరంగం నుంచి తప్పించి కాపాడింది. రెండు వరాలు అందుకే వచ్చాయి. రథచక్రపు ఇరుసులో వేలు పెట్టిందన్నది తరువాతి కథ, వాల్మీకంలో లేదు. పోతన సత్యభామను ఎవరైనా గుర్తు చేస్తారేమో గానీ, అది భాగవతం, ఇతిహాసం కాదు.

ప్రశ్న: బాక్సింగ్ సినిమాల్లో ఆడవారికి గ్యాలరీలో కూర్చొని కన్నీళ్లు పెట్టుకోవడం తప్ప పని ఉండదు. వారిని తారతో, విదులతో పోల్చడం న్యాయమేనా?

జవాబు: చాలా సినిమాల విషయంలో మీ మాట ఒప్పుకోవలసిందే. మంచివాటిలో మాత్రం కథకు ఇరుసు ఆ స్త్రీ దగ్గరే ఉంటుంది. 1976 నాటి రాకీలో హీరో తాను గెలవలేనని, పదిహేను రౌండ్లూ నిలబడితే చాలునని ఒప్పుకొనేది కోచ్ దగ్గర కాదు, పోటీకి ముందు రాత్రి ప్రియురాలు ఏడ్రియన్ దగ్గర. ఆ మాట లేకపోతే చివరి పోరుకు అర్థమే ఉండదు. 1980 నాటి రేజింగ్ బుల్ మరో దారి పట్టింది: రింగులో ఈలలు వేయించుకున్న పిడికిలే ఇంటికి వచ్చి భార్య మీద పడుతుంది. ఆ సినిమా చూశాక రింగులోని దెబ్బలకు చప్పట్లు కొట్టడం అంత సులువు కాదు; ఈ జాతి సినిమాలలో నేను ఎక్కువ గౌరవించేది దాన్నే. ఇక స్త్రీలు స్వయంగా రింగులోకి దిగే కథలకు ఇప్పుడు కల్పన అవసరం తగ్గింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల బాక్సింగ్‌కు తొలిసారి చోటు దొరికింది, అక్కడ మేరీ కోమ్ కాంస్యం గెలిచింది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేత అయింది.

ప్రశ్న: ఓడిపోయిన హీరో సినిమా మనకెందుకు నచ్చుతుంది?

జవాబు: పైన చెప్పిన రాకీ పాయింట్ల మీద ఓడిపోతాడు, అయినా ఆ చిత్రానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ప్రేక్షకుడు అప్పటికి న్యాయనిర్ణేతల తీర్పు కోసం చూడడం మానేసి ఉంటాడు. ద్యూతసభ ఘట్టం దీనికి చాలా దగ్గర. ధర్మరాజు ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా అని ద్రౌపది అడిగిన ప్రశ్నకు సభ తీర్పు చెప్పలేదు. ధర్మం సూక్ష్మమైనదని భీష్ముడు తప్పించుకున్నాడు, కౌరవులలో వికర్ణుడు ఒక్కడు ఆమె పక్షాన మాట్లాడితే కర్ణుడు అతని నోరు మూయించాడు. చివరకు ధృతరాష్ట్రుడు వరాలిస్తానన్నప్పుడు ఆమె రెంటితో భర్తలను విడిపించుకొని, క్షత్రియ స్త్రీకి రెండే తగునని మూడోది వద్దన్నది. మునిగిపోతున్న పాండవులకు ఆమె పడవ అయిందని అన్నది ఎవరో కాదు, కొద్దిసేపటి క్రితం ఆమెను అవమానించిన ఆ కర్ణుడే.

ప్రశ్న: వాలి సుగ్రీవుల పోరును బాక్సింగ్ అనవచ్చునా?

జవాబు: అనకూడదు. పిడికిళ్లతో పాటు మోకాళ్లు, పాదాలు, గోళ్లు, చెట్లు కూడా వాడుకున్నారు. ఏ రెఫరీ అయినా మొదటి నిమిషంలోనే ఇద్దరినీ పోటీ నుంచి తొలగించేవాడు. బయటి నుంచి వచ్చిన బాణం సంగతి నన్ను అడగకండి. ఆ ప్రశ్న వాలే నేరుగా రాముణ్ణి అడిగాడు, జవాబు కిష్కింధాకాండలోనే ఉంది.