శతఘ్నిలో మందు కూరిన యువ రచయితకు

నల్లగొండ

చిరంజీవికి ఆశీస్సులు.

దేవరకొండ కోట ముట్టడి మీద నీవు రాస్తున్న నవలలో మొదటి నాలుగు అధ్యాయాలు అందాయి, రెండుసార్లు చదివాను. బురుజు మీద కాపలా కాస్తున్న తండ్రికి సద్దిమూట అందించడానికి పిల్లవాడు చీకట్లో మెట్లు తడుముకుంటూ ఎక్కే ఘట్టంలో ఒక్క మాట కూడా మార్చవద్దు. నేను రాయవలసింది మూడో అధ్యాయంలోని ఒక వాక్యం గురించి. "కోట మీది శతఘ్నులు ఒక్కసారిగా పేలాయి" అని రాశావు. నీ కథాకాలం రేచర్ల పద్మనాయకులు ఏలిన పద్నాలుగో శతాబ్దం.

శతఘ్ని అంటే నూరుమందిని చంపేది. అది చాలా పాత మాట. వాల్మీకి బాలకాండలో అయోధ్యను "శతఘ్నీ శత సంకులాం" అన్నాడు, వందలాది శతఘ్నులతో కిక్కిరిసిన నగరమని. యుద్ధకాండలో హనుమంతుడు లంక ద్వారాలను రాముడికి వర్ణిస్తూ, అక్కడ అమర్చిన శతఘ్నులు "కాలాయసమయాః", "శితాః" అంటాడు. నల్ల ఇనుముతో చేసినవి, పదునైనవి అని అర్థం. ఆ రెండో విశేషణం దగ్గర కాసేపు ఆగు. ఫిరంగికి బరువుంటుంది, నోరుంటుంది, మోత ఉంటుంది, కాని పదును ఉండదు. కౌటిల్యుడు కూడా శతఘ్నిని గద, త్రిశూలం, చక్రం వంటి వాటి సరసన చలయంత్రాలలో, అంటే కదిలించగల యుద్ధయంత్రాలలో చేర్చాడు. వ్యాఖ్యాతలలో కొందరు దానిని ఇనుప ముళ్లు దిగగొట్టిన గద అన్నారు, మరికొందరు కోటగోడ మీద నిలిపి ఉంచే, వాడి మొనలున్న పెద్ద స్తంభం అన్నారు. ఈ రెండింటిలో ఏది తీసుకున్నా అందులో తుపాకిమందు లేదు, పొగ లేదు, పేలుడు లేదు.

మరి నీకు ఫిరంగి అనే అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఈ కాలపు యుద్ధవార్తలు రాసేవారికి ఫిరంగులకు ఒక గంభీరమైన సంస్కృత పదం కావలసి వచ్చింది, పాత మాట సిద్ధంగా దొరికింది. అందుకే పత్రికలలో శతఘ్ని దళాలు అని చదువుతున్నాం. అది తప్పని నేననను. నీవు 1971 యుద్ధం మీద కథ రాస్తే ఆ మాటను నిశ్చింతగా వాడు. పద్నాలుగో శతాబ్దపు బురుజు మీద మాత్రం దానిని పేల్చవద్దు.

అయితే ఫిరంగి అని మారుస్తానంటావేమో, అది ఇంకా చిక్కు. ఫ్రాంకులనే జాతి పేరు పారసీలో ఫరంగీ అయి, ఐరోపావారందరికీ అన్వయించి, మనదాకా వచ్చేసరికి వాళ్లతో వచ్చిన వస్తువుల మీద వాలింది. మరాఠాలు ఐరోపా అలుగు బిగించిన తిన్నని కత్తిని ఫిరంగి అన్నారు. కొన్నిచోట్ల బొప్పాయిని పరంగికాయ అంటారు. మన దగ్గర ఆ పేరు గుండ్లు పేల్చే గొట్టానికి స్థిరపడింది. వాస్కో డ గామా కాలికట్టులో దిగింది 1498లో. అంతకు నూరేళ్ల ముందు దేవరకొండ సిపాయి నోట ఆ మాట ఎలా వస్తుంది? 1520 నాటి రాయచూరు యుద్ధం రాస్తే సంగతి వేరు. మన గద్వాలకు అవతలే జరిగిన ఆ ముట్టడిలో కృష్ణదేవరాయల పక్షాన పోర్చుగీసు తుపాకిగాళ్లు నిలిచారు. అక్కడ ఫిరంగి అనే మాట దాని సొంత ఇంట్లో ఉన్నట్టుంటుంది.

ఈ పొరపాటు నా తొలి కథలలో ఒకదానిలోనూ అచ్చయింది. సంస్కృతం చెప్పే ఒక పెద్దాయన "శితాః అన్న మాట చూడలేదా?" అని కార్డు రాశారు. ఆ బాధతోనే గోలకొండ వెళ్లి, పెట్ల బురుజు మీద 1687 ముట్టడి నాటి ఫతే రహ్బర్ ఫిరంగి ముందు చాలాసేపు కూర్చున్నాను. ఎండకు కాలుతున్న లోహం మీద చెయ్యి ఆనించి, వెనుక వైపు నిప్పు అంటించే చిన్న రంధ్రాన్ని వేలితో తడిమాను. ఒక్క ఫిరంగి కథలోకి వస్తే దానిని పోతపోసే కార్ఖానా, ఈడ్చే ఎడ్లు, మందు తడవకుండా దాచే కొట్టు, గుండ్లు మోసే కూలీలు అందరూ వెంట రావాలని నాకు అక్కడ అర్థమయింది. నీ అధ్యాయంలో వాళ్లెవరూ లేరు, మోత ఒక్కటే ఉన్నది.

నీ సిపాయి చేతికి వడిసెల ఇవ్వు. మన జొన్నచేలలో మంచె మీద నిలబడి పిట్టలను తోలినది అదే, సాయుధ పోరాటంలో రజాకార్ల మీద రాళ్లు విసిరినదీ అదే. ఒక కొస ఉచ్చును వేలికి తగిలించుకొని, రెండో కొసను పిడికిట పట్టి, తలమీదుగా గిరగిర తిప్పి వదిలితే పుట్టే ఆ చప్పుడు ఈ జిల్లా పాఠకుడికి వివరించనక్కరలేదు. గోడ కిందికి దొర్లించడానికి గుండ్రాళ్లు దేవరకొండలో ఎటు చూసినా ఉన్నాయి. శత్రువుల వైపు పెద్ద యంత్రం కావాలంటే రాళ్లు రువ్వే మంజనీకు ఉన్నది. 1310 నాటి ఓరుగల్లు ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో దానిని ప్రస్తావించాడు.

వచ్చే ఆదివారం ఎండ ముదరకముందే కోట ఎక్కి, నీ పిల్లవాడు సద్ది తెచ్చిన బురుజు మీద నిలబడి, కింది ద్వారం దాకా ఎంత దూరముందో కంటితో కొలుచుకో. ఆ తర్వాత మూడో అధ్యాయం తిరగరాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ మేలుకోరే పెద్దవాడు