అంటార్కిటికా ఓడ ఎక్కబోతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

టికెట్ బుక్ చేసేశానని నువ్వు చెప్పిన దగ్గర్నుంచి నీకంటే నాకే హడావుడి ఎక్కువైంది. రెండుసార్లు వెళ్లొచ్చినవాణ్ణి కదా, అడక్కపోయినా చెప్తాను, విను.

నువ్వు పంపిన షెడ్యూల్ చూశాను. మూడో రోజు ఫలానా దీవి, నాలుగో రోజు ఫలానా ఛానల్, అంటే ఇరుకు జలసంధి, అని ముచ్చటగా వేశారు. దాన్ని నమ్ముకోకు. అక్కడ రోజు ఎలా గడవాలో తేల్చేది గాలీ మంచూ. రాత్రి చెప్పిన ప్లాన్ తెల్లారేసరికి మారిపోతుంది, టిఫిన్ అయ్యేలోపు ఇంకోసారి మారుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడి లెమేర్ ఛానల్ చూడాలని ఎంత ఆశపడ్డానో! మంచుగడ్డలు దారి మూసేశాయని ఓడని వెనక్కి తిప్పేశారు. నేను ముఖం మాడ్చుకుని కేబిన్‌లో కూర్చున్నాను, ఆ గంటలోనే ఓడ పక్కకి తిమింగలాలు వచ్చాయట. డెక్ మీదున్న వాళ్లందరూ చూశారు, నేను తప్ప. అందుకే చెప్తున్నా, ఏదన్నా రద్దయిందంటే జాకెట్ వేసుకుని బయటికి పో, లోపల కూర్చుని ఏడవకు.

ఇక డ్రేక్ పాసేజ్, అంటే దక్షిణ అమెరికా కొసకీ అంటార్కిటికాకీ మధ్య ఉన్న సముద్రం. అర్జెంటీనా కొసన ఉన్న ఉషువాయా రేవులో ఓడ ఎక్కాక బీగల్ ఛానల్‌లో ఉన్నంతసేపూ ఓడ కదులుతున్నట్టే ఉండదు, ఇంతేనా అనుకుని రాత్రి భోజనం బాగా లాగించేస్తావు. అర్ధరాత్రి దాటాక తెలుస్తుంది అసలు సంగతి. అటు దాదాపు రెండు రోజులు, ఇటు రెండు రోజులు, ఎలా ఉంటుందో అదృష్టం. చెరువులా ఉన్న రోజులూ ఉన్నాయి, పక్క మీంచి దొర్లిపడిన రాత్రులూ ఉన్నాయి. వాంతి మాత్ర కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే దండగ, ముందే వేసుకోవాలి. చెవి వెనక అంటించుకునే పట్టీ పెట్టుకుంటే ఇంకా చాలా గంటల ముందే పెట్టుకోవాలి, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కో. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే కంటిపాప పెద్దదైపోయి చూపు మసకబారుతుంది, ఏమైందో తెలియక హడలిపోతావు. ఏ మందు నీకు పడుతుందో మాత్రం బయలుదేరే ముందు డాక్టర్ని అడుగు. ఓడలో నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ రెయిలింగ్ మీదే ఉండాలి, తలుపు అంచుల్లో మాత్రం వేళ్లు పెట్టకు.

నీ ఓడలో ఎంతమంది ప్రయాణికులో కనుక్కున్నావా? అంటార్కిటికాలో ఒక చోట ఒకేసారి ఒడ్డున వందమందికి మించి ఉండకూడదు, ఐదువందలకి పైగా మందిని తీసుకెళ్లే ఓడ అయితే అసలు ఎవర్నీ దించరు. రెండువందల మంది ఉంటే వంతులు వేస్తారు. చిన్న ఓడ ఊగుతుంది ఎక్కువ, కానీ నేల మీద తిరిగే టైమూ ఎక్కువే. నన్నడిగితే ఊగినా సరే, చిన్నదే మేలు.

దిగే ముందు చేసే తతంగం చూసి విసుక్కోకు. వాక్యూమ్ క్లీనర్ పెట్టి జేబులన్నీ శుభ్రం చేయిస్తారు, వెల్క్రోలో ఇరుక్కున్న గడ్డి గింజల్ని పిన్నుతో ఒక్కొక్కటే పీకిస్తారు, బూట్లు మందునీళ్లలో ముంచాలి. 2023 అక్టోబరులో సౌత్ జార్జియా దీవి వైపు బర్డ్ ఫ్లూ బయటపడ్డాక ఇంకా గట్టిగా ఉన్నారు. ఒడ్డున కూర్చోకూడదు, మోకాళ్లు నేలకి ఆనించకూడదు, బ్యాగ్ కింద పెట్టకూడదు. తిండి తీసుకెళ్లకూడదు. బాత్రూమ్ ఉండదు, చాటుమాటుగా వెళ్లడమూ కుదరదు, కాబట్టి కాఫీ సంగతి చూసుకో.

జోడియాక్ అనే రబ్బరు పడవలోకి దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఫోన్ పట్టుకుని దిగుదామనుకోకు. సిబ్బంది చెయ్యి చాపితే అరచెయ్యి అందించకు, తడి గ్లోవ్ జారిపోతుంది. వాళ్ల ముంజెయ్యి నువ్వు, నీ ముంజెయ్యి వాళ్లు పట్టుకోవాలి. ఒక్కోచోట నేరుగా నీళ్లలోకే దిగాలి. అందుకే వాటర్‌ప్రూఫ్ ప్యాంటు బూట్ల పైకి రావాలి, బూట్లలోకి దోపావంటే ఆ పూటంతా పాదాలు చన్నీళ్లలోనే.

చలికి అంత భయపడక్కర్లేదు. నువ్వు వెళ్లే వేసవిలో ఆ తీరం వెంట సున్నా డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది, గాలి లేస్తేనే నరకం. పల్చటి ఉన్ని బట్టలు పొరలుగా వేసుకో, లోపల కాటన్ వద్దు, చెమట పట్టిందంటే ఆరదు. లావు గ్లోవ్స్ కింద పల్చటివి ఇంకో జత ఉండాలి. కెమెరా బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటి వేడికి ఉంచుకో. మంచు మీంచి ఎండ ముఖాన కొడుతుంది, ముక్కు కింద కూడా సన్‌స్క్రీన్ రాసుకో.

పెంగ్విన్లకి ఐదు మీటర్ల దూరం ఉండాలి. అవి రోజూ నడిచీ నడిచీ మంచులో కాలువల్లాంటి దారులు చేసుకుంటాయి, వాటిలో అడుగు పెట్టకు. నీ కాలు మోకాలిదాకా దిగబడితే ఆ గుంతని మంచుతో పూడ్చి కదులు, అందులో పడిన పెంగ్విన్ పైకి ఎక్కలేదు. ఒకసారి నేనలా పూడుస్తుంటే ఒక జెంటూ జాతి పెంగ్విన్ నోట్లో రాయి పెట్టుకుని వచ్చి ఆగింది. నేను వెనక్కి జరిగేదాకా అలాగే నిలబడి, తర్వాత తన దారిన పోయింది. గూటికి రాళ్లు మోసే హడావుడిలో ఉంది పాపం. పది నిమిషాలు ఫొటోలు తీసుకో, ఆ తర్వాత కెమెరా లోపల పెట్టి ఊరికే నిలబడు.

కంపు సంగతి ఎవరూ చెప్పరు. పెంగ్విన్ల కాలనీ కనపడకముందే వాసన తగులుతుంది, బట్టలకి పట్టిందంటే వదలదు. ఇంటికొచ్చాక ఆ ప్యాంటుని మిగతావాటితో కలిపి వాషింగ్ మెషీన్‌లో వెయ్యకు. నేను వేశాను, మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

మీ పెదనాన్న