'పరిరక్షణ' అని రాసే ముందు

తమ్మీ,

పాలమూరులోని పాత మర్రిచెట్టు పిల్లలమర్రి మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. రెండు పేజీల్లో 'పరిరక్షణ' పదకొండు సార్లు వచ్చింది. మాట తప్పని కాదు, దాని లోపలికి నువ్వు ఒక్కసారి కూడా తొంగి చూడలేదనిపించింది.

ఇంగ్లీషు 'కన్సర్వేషన్'కు బదులుగా దాన్ని వాడావు కదా. ఆ మాట పుట్టుక లాటిన్‌లో. 'సెర్వారే' అంటే కాచుకోవడం, భద్రంగా ఉంచడం. ముందు 'కన్' చేరి ఆ అర్థాన్ని గట్టి చేస్తుంది, మన 'సంరక్షణ'లో 'సం' లాగే. అడవులకు ఆ మాట అంటుకున్న కథలో మన దేశం కూడా ఉంది. ఇంగ్లీషువాళ్ల కాలంలో ఇక్కడి అటవీ విభాగాలను 'కన్సర్వెన్సీ'లనేవారు, వాటి అధికారిని 'కన్సర్వేటర్' అనేవారు. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీకి క్లెగ్‌హార్న్ అనే డాక్టరు కన్సర్వేటర్ అయ్యాడు. 1907 ప్రాంతంలో అమెరికా అటవీ శాఖ పెద్ద గిఫర్డ్ పిన్‌షో తమ ఆలోచనకు పేరు వెతుకుతుంటే, ఈ ఇండియా పేర్లే దారి చూపాయట. ఆయనే రాసుకున్నాడు.

మనకైతే అంతదూరం పోనక్కర్లేదు. కాచు, కాపు, కాపరి, కావలి. ఈ మాటల్లో ఎప్పుడూ ఒక మనిషి నిలబడి ఉంటాడు.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు మా ఊరి చెరువు మీద రాసింది, ఆ చెరువును చూసుకునే నీరటి తాతకు చదివి వినిపించాను. 'చెరువు పరిరక్షణకు గ్రామస్థులు కృషి చేశారు' అన్నచోట ఆపాడు. "కృషి అంటే ఏం జేసిండ్రు బిడ్డా? కట్ట మీది తుమ్మకంప కొట్టిండ్రా, తూముకాడ మట్టి తీసిండ్రా?" నా దగ్గర జవాబు లేదు. వానాకాలం రాత్రుల్లో ఆయన కందిలి పట్టుకొని కట్టంతా నడిచేవాడు. చెప్పులు విడిచి, తడి ఎక్కడ ఊరుతోందో పాదంతో చూసేవాడు. ఎండ్రికాయ బొక్క దొరికితే అక్కడే కూర్చొని బంకమట్టి కూరేవాడు. ఇదంతా కళ్లారా చూసి కూడా నేను 'కృషి' అని రాశాను. ఇప్పటికీ అది తలుచుకుంటే బాధే.

నీ మూడో పేరా మళ్లీ రాయి. 'వృక్ష పరిరక్షణ చర్యలు చేపట్టారు' అన్నావు. 2018లో అక్కడ జరిగింది ఏమిటి? ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే మర్రికి చెదలు పట్టింది, అంతకుముందే ఒక పెద్ద కొమ్మ విరిగింది. ఆస్పత్రిలో మనిషికి పెట్టినట్టు కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి, చెదల మందు నీళ్లలో కలిపి చుక్క చుక్కగా ఎక్కించారు. ఆ సీసాలు నీ వ్యాసంలో ఎక్కడా లేవు!

దసరాకు నల్లగొండ వస్తే మా ఊరికి పోదాం. నీరటి తాత కొడుకు కట్ట కిందే ఉంటున్నాడు. చెరువు నిండి మత్తడి దుంకుతుంటే మరీ మంచిది. చెప్పులు విడిచి నడవాల్సి ఉంటుంది.

నీ అన్న