బండారం బయటపడితే తప్పా?

ప్రశ్న: మాది ఒక చిన్న ఊరి శాఖా గ్రంథాలయం. నేను అక్కడ లైబ్రేరియన్‌ని. మధ్యాహ్నం పాఠకులు పల్చబడ్డాక రిజిస్టరు చాటున పెట్టుకుని పాత డిటెక్టివ్ నవలలు చదవడం నాకు అలవాటు. మొన్న వారోత్సవాల ఏర్పాట్లప్పుడు ఒక రిటైర్డ్ మాస్టారు చూసి, "అమ్మాయ్, నీ బండారం బయటపడింది" అని నవ్వారు. అదే రోజు బీరువా వెనక ఒక పాత చెక్క బోర్డు దొరికింది. దాని మీద 'పుస్తక భాండాగారము' అని ఉంది. ఈ బండారానికీ ఆ భాండాగారానికీ చుట్టరికం ఉందా? మమ్మల్ని గ్రంథపాలకులనాలా, గ్రంథాలయాధికారులనాలా?
– ఒక ఉద్యోగిని

సమాధానం: చుట్టరికం కాదమ్మా, రెండూ ఒకటే. ఒకటి మడి కట్టుకుని కూర్చుంది, ఇంకొకటి వీధిలోకి వచ్చి నలుగురితో కలిసిపోయింది. అంతే తేడా.

భాండం అంటే కుండ. పోగా పోగా కుండలో దాచే సరుకు, సొమ్ము కూడా భాండమే అయ్యాయి. అవి ఉంచే ఇల్లు భాండాగారం. ప్రాకృతం నోట్లో 'గ' కరిగిపోయి అది భండారమైంది. కుంభకారుడు మధ్యలో 'క' పోగొట్టుకుని కుమ్మరి అయ్యాడు కదా, అలాగన్నమాట. ఘంట గంట, భిక్షం బిచ్చం అయిన దారిలోనే ఒత్తు కూడా వదిలేసి మన ఇంట బండారంగా స్థిరపడింది. హిందీవాళ్ళ భండార్, మరాఠీవాళ్ళ భాండార్కర్ అనే ఇంటిపేరు ఈ గూటివే. మల్లన్న గుళ్ళలో నుదుట పెట్టే పసుపు బండారి సంగతి వేరే చెప్పుకోవాలి, ఇప్పుడు వద్దు.

కుండలూ ధాన్యమూ ఉండే చోటికి పుస్తకాలు ఎప్పుడొచ్చాయంటారా? ఎప్పుడో వచ్చాయి. రాజస్థాన్‌లోని జైసల్మేరులో, గుజరాత్‌లోని పాటణంలో జైనులు తాళపత్రాలు దాచిన చోట్లకు జ్ఞాన భండారాలనే పేరు. అంత దూరం ఎందుకు, తిరుమల గుళ్ళోకే రండి. తాళ్లపాకవారి పాటలు చెక్కిన రాగిరేకులను దాచిన అర ఉంది. దాని పేరు సంకీర్తన భండారం. అరకు అటూ ఇటూ అన్నమయ్య, ఆయన కొడుకు పెద తిరుమలయ్య బొమ్మలు చెక్కి ఉంటాయి. 1503లో అన్నమయ్య కన్నుమూశాక ఆ ఇంటివాళ్ళు పాటలను రాగిమీదికి ఎక్కించారు. తర్వాత కొన్ని వందల ఏళ్ళు ఆ రేకులు చీకట్లో పడి ఉన్నాయి. 20వ శతాబ్దంలో వాటిని వెలికితీసి, తుడిచి, అక్షరం అక్షరం చదివి అచ్చువేశారు. రేకులు రెండు వేలకు పైగా, పాటలు పన్నెండు వేలకు పైగా! తెలుగుదేశంలో బండారం బయటపడటం అంటే అదీ. అలా బయటపడకపోతే ఇవాళ మన ఇళ్ళలో 'జో అచ్యుతానంద' ఎంతమంది పాడేవాళ్ళో!

మరి ఇంత మంచి మాటకు గుట్టు రట్టు కావడం అనే అర్థం ఎలా వచ్చింది? నాకు తోచింది చెబుతాను, ప్రమాణం అడగకండి. కొట్టుగది తాళం వేసి ఉన్నంతకాలం లోపల రత్నాలు ఉన్నాయనే లోకం అనుకుంటుంది. తలుపు తీస్తేనే కదా, ఖాళీ కుండలూ బొద్దింకలూ కనపడేది!

మీ బోర్డు మీది మాట కూడా ఆషామాషీది కాదు. 1914లో బెజవాడలో మనవాళ్ళు గ్రంథాలయోద్యమానికి సంఘం పెట్టుకున్నప్పుడు దాని పేరు ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం. అంతకుముందే 1901లో హైదరాబాదువాళ్ళు 'భాషా నిలయం' అన్నారు. 1918లో మొదలుపెట్టిన వేటపాలెంవాళ్ళది 'సారస్వత నికేతనం'. ఒక్కో ఊరు ఒక్కో పేరు వెతుక్కుంది. ఇప్పుడు అందరికీ కలిపి ఒక్క 'లైబ్రరీ' చాలు. అదైనా నయం. ఏటా నవంబరు 14 రాగానే వీధివీధినా ఫ్లెక్సీల మీద 'గ్రంధాలయ వారోత్సవాలు' అని చూసినప్పుడు నాకు బీపీ పెరుగుతుంది. గ్రంథి అంటే ముడి, గ్రంథం అంటే కూర్చి కట్టినది. 'థ' పొట్టలో చుక్క పెట్టడానికి ఎంత సిరా ఖర్చవుతుందండీ? పుస్తకాల పండగకే అక్షరం తప్పు! మీరు ఉత్తరంలో సరిగ్గా రాశారు, సంతోషం.

ఇక మీ పేరు. గ్రంథపాలకులు అన్నా తప్పులేదు, గ్రంథాలయాధికారులు అన్నా తప్పులేదు. మొదటి మాటలో కాపాడటం వినిపిస్తుంది, రెండోదానిలో కుర్చీ కనిపిస్తుంది. అందుకే నాకు మొదటిది ఇష్టం. లైబ్రేరియన్ అని జనం అంటూంటే దిద్దబోకండి, అదీ తెలుగైపోయింది. బండారం చూసుకునే మనిషిని బండారి అనవచ్చు గానీ, ఇంటిపేరు అనుకుంటారేమో.

ఆ చెక్క బోర్డును చెదలు పట్టకముందే తుడిచి గోడకు తగిలించండి. ఇంతకీ రిజిస్టరు చాటున ఉన్న నవల పేరు రాయలేదేం?