దుబాయ్‌కి బయల్దేరే ముందు అమ్ములుకి

చి. అమ్ములుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. దుబాయ్ సెవెన్స్‌లో, అదే ఏడుగురేసి ఆడే రగ్బీ టోర్నమెంట్‌లో, అమ్మాయిల ఆహ్వాన విభాగంలో ఆడబోతున్నావని మీ అమ్మ చెప్పింది. ప్రాణం లేచొచ్చింది. నీ పరుగు గురించి నాకు బెంగ లేదు. కబడ్డీ కోర్టులోంచి వచ్చినదానివి, ఒళ్ళు తగిలితే భయపడే రకం కాదు. నా బెంగంతా ఒక పని అయిపోయాక ఇంకో పని మొదలయ్యేలోపు ఉండే సందు గురించే. సెవెన్స్‌లో మ్యాచ్‌లు ఎక్కువగా అక్కడే పోతాయి.

ముందు నీ కబడ్డీ చేతుల సంగతి. అక్కడ రైడర్ చీలమండ దొరికితే కూత ఆగేదాకా వదలం. ఇక్కడ అదే పట్టు పట్టుకుని ఉంటే పెనాల్టీ. మనిషిని కింద పడేసిన క్షణంలోనే చేతులు విప్పాలి, పక్కకు దొర్లాలి, లేచి కాళ్ళ మీద నిలబడాలి, అప్పుడే బంతి మీద చెయ్యి వెయ్యాలి. రెఫరీ అరిచాక వదులుదాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యం. పట్టు, విడుపు, లేవడం మూడూ ఒకే పనిలా చెయ్యి. రోజూ కుడి భుజంతో పది, ఎడమ భుజంతో పది. అందరూ తమకు అలవాటైన భుజంతోనే చేస్తారు, రెండో వైపు వచ్చిన మనిషి జారిపోతుంది.

పట్టేటప్పుడు నీ చెంప ఆమె తుంటికి ఆనాలి, తల ఆమె వెనకవైపు ఉండాలి. తల ముందుకు పెట్టావంటే మోకాలు వచ్చి కణతకే తగులుతుంది. పట్టు నడుం దగ్గరే. భుజాల పైకి పోయిందో, పసుపు కార్డు చూడాల్సి రావచ్చు. రెండు నిమిషాలు బయట కూర్చోవడం పదిహేను మంది ఆడే ఆటలో చిన్న శిక్షలా అనిపిస్తుందేమో గానీ, ఇక్కడ ఆట మొత్తం 14 నిమిషాలే. అందులో ఏడో వంతు పోయినట్టు. మైదానం మాత్రం పెద్ద రగ్బీదే, వెడల్పు 70 మీటర్ల దాకా ఉంటుంది. ఒకరు వెనక స్వీపర్‌గా ఉంటే ముందు వరసలో ఆరుగురు, ఒక్కొక్కరి వాటాకి దాదాపు 12 మీటర్లు. ఒకమ్మాయి తగ్గితే అది 14 అవుతుంది. ఆ రెండు మీటర్ల సందు చాలు, వేగం ఉన్న పిల్ల దూరిపోవడానికి. అందుకే వరసలో ఎవరూ ఒంటరిగా ముందుకు ఉరక్కూడదు. పక్కనున్న పిల్ల భుజం కంటికి కనబడుతూ ఉండాలి, అందరూ కలిసే కదలాలి.

ఇప్పుడు అసలు సంగతి, రీస్టార్ట్, అంటే పాయింట్లు వచ్చాక ఆట మళ్ళీ మొదలుపెట్టే కిక్. సెవెన్స్‌లో ట్రై వేసిన జట్టే, అంటే ప్రత్యర్థుల గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనించిన జట్టే, మళ్ళీ కిక్‌ఆఫ్ చెయ్యాలి. అంటే సంబరం చేసుకునే జట్టు చేతిలోంచి బంతి ప్రత్యర్థుల వైపు పోతుంది. ట్రై వేసి కౌగిలించుకుంటూ నిలబడిపోయిన జట్టు అప్పుడే ట్రై తినడం మామూలే. కిక్ పది మీటర్లు దాటకపోయినా, నేరుగా పక్క గీత బయట పడినా, మైదానం నడిమధ్యలో ప్రత్యర్థులకు ఫ్రీ కిక్ ఇస్తారు. కాబట్టి కిక్ పదిమీటర్ల గీతను కాస్త దాటేలా, ఎత్తుగా పోవాలి. బంతి గాలిలో ఉండగానే మన పిల్లలు దాని కిందకి పరుగెత్తే వ్యవధి దొరకాలి. మనవైపు బంతి వస్తుంటే పట్టేది ఒక్కరే. పేరు పెట్టి గట్టిగా అరవాలి, మోకాలు పైకెత్తి ఎగరాలి. ఆమె వెనక ఇంకొకరు చేజారిన బంతి కోసం సిద్ధంగా ఉండాలి.

కన్వర్షన్, అంటే ట్రై తర్వాత అదనంగా రెండు పాయింట్ల కోసం గోల్‌స్తంభాల మధ్యకి తన్నేది, అది కూడా బంతిని నేలకు వదిలి తన్నే డ్రాప్ కిక్కే, అదీ ట్రై ఇచ్చిన 30 సెకన్లలోపు. బంతిని రెండు చేతులతో నిలువుగా పట్టుకుని, పైమొన కొద్దిగా నీ వైపు వాలేలా వదులు. విసరకు, వదులు. కింది మొన నేలకు తగిలి లేవబోతున్న క్షణంలోనే తన్నాలి. బంతి పక్కకు పడిందంటే తప్పు కాలిది కాదు, వదిలిన చేతిదే. రోజూ ముప్ఫై తన్ను, అందులో పది బాగా పరుగెత్తి రొప్పుతున్నప్పుడు. మ్యాచ్‌లో నీకు దొరికేవి ఆ రకం కిక్కులే.

గీత దాటగానే దూకెయ్యకు. వెనక ఎవరూ లేకపోతే గోల్‌స్తంభాల కిందకి పరుగెత్తి బంతి ఆనించు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం మ్యాచ్ గుర్తుంది కదా. చివరి క్షణాల్లో అమెరికా 7–12తో వెనకబడి ఉంది. అలెక్స్ సెడ్రిక్ దాదాపు మైదానం పొడవునా పరుగెత్తి ట్రై వేసింది. దాంతో 12–12. కన్వర్షన్ కూడా తనే తన్ని 14–12తో ఆస్ట్రేలియా చేతిలోంచి పతకం లాక్కుంది. ఆ రెండు పాయింట్లు స్తంభాల ముందు నుంచి తన్నడం వేరు, మూల నుంచి తన్నడం వేరు.

పూల్ దశలో ఓడిపోతున్న మ్యాచ్‌నీ వదిలెయ్యకూడదు. గెలిస్తే 3, సమానమైతే 2, ఓడినా 1. పాయింట్లు సమానమైనప్పుడు వేసినవాటికీ తిన్నవాటికీ ఉన్న తేడా లెక్కకొస్తుంది. 0–24లో ఉన్నప్పుడు వేసిన ఒక్క ట్రై రెండో రోజు ఏ కప్పుకి ఆడతావో మార్చేయొచ్చు.

మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ నడుమ రెండు మూడు గంటలుంటాయి. మొదటి మ్యాచ్‌లో కన్నా మూడో మ్యాచ్‌లో తొడ వెనక కండరం ఎక్కువ పట్టేస్తుంది, ఎందుకంటే ఒళ్ళు చల్లారిపోయి ఉంటుంది. విజిల్ కాగానే కూలబడకు. ఐదు నిమిషాలు నడువు, తడి జెర్సీ మార్చు. మ్యాచ్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకో. అర కిలో తగ్గితే ముప్పావు లీటరు దాకా, ఉప్పు కలిసిన పానీయం కొద్దికొద్దిగా తాగు. అరగంటలోపు అరటిపండో, రెండు మూడు ఖర్జూరాలో తిను. గంట పైన ఖాళీ ఉంటే ఇడ్లీలో, పలచగా కలిపిన పెరుగన్నమో. నూనె, కారం, పప్పు ఆ రోజుకి వద్దు, కడుపులో బరువుగా ఉండిపోతాయి. నీడలో పడుకో, నిద్ర ఇరవై నిమిషాలు దాటనివ్వకు. ఆటకి ఇరవై ఐదు నిమిషాల ముందు వార్మప్ మళ్ళీ మొదటి నుంచీ చెయ్యాలి, సగం కాదు. పొద్దుటి ఎండకి టోపీ, సాయంత్రానికి స్వెట్టర్ రెండూ సర్దుకో. గడ్డి మీద మంచు పడితే బంతి సబ్బులా జారుతుంది. అప్పుడు పొడవు పాస్‌లు మానేసి దగ్గర దగ్గరగా ఆడండి.

సామాను విషయం. ముక్కుపుడక తీసెయ్యాలి, టేపు అంటించి ఆడనివ్వరు. కుట్టించుకుని ఎక్కువ రోజులు కాకపోతే రంధ్రం పూడిపోతుంది, కాబట్టి కొత్తగా కుట్టించుకునే ఆలోచన ఉంటే తిరిగొచ్చాకే. పిన్నులు వద్దు, రెండు జడలు బిగించి అల్లి రబ్బరు బ్యాండ్లే పెట్టు. గోళ్ళు కత్తిరించుకో. బూటు స్టడ్‌లు 21 మిల్లీమీటర్లు దాటకూడదు, అంచులు గరుకెక్కి ఉంటే మార్చు. పళ్ళ గార్డ్ ఇక్కడే వేడినీళ్ళలో మెత్తబరిచి కొరికి అచ్చు చేసుకో, కనీసం రెండు వారాలు పెట్టుకుని పరుగెత్తు. అక్కడికెళ్ళి కొత్తది పెట్టుకుంటే ఊపిరాడనట్టుంటుంది, నువ్వు పిల్లల్ని పిలిచే పిలుపూ సరిగా రాదు.

నెలసరి ఆ రోజుల్లో పడుతుందేమో ఇప్పుడే లెక్క చూసుకో. వాయిదా మాత్రలు మొదటిసారి టోర్నమెంట్‌కే వేసుకోవద్దు, ఏ ఒంటికి ఎలా పడతాయో తెలీదు. లోపల నల్ల సైక్లింగ్ షార్ట్స్ వేసుకుంటే సగం దిగులు పోతుంది. ఇప్పుడే రక్తపరీక్షలో ఐరన్ నిల్వలు కూడా చూపించుకో. బలం పొడులూ, చూర్ణాలూ ఎవరిచ్చినా ముట్టకు. డోపింగ్ పరీక్షలో దొరికితే ఎవరిచ్చారన్నది కాదు, నీ ఒంట్లో ఉందా లేదా అన్నదే చూస్తారు. ఆస్తమా మందులాంటిది ఉంటే జట్టు డాక్టరుకి ముందే కాగితంతో సహా చూపించు.

తలకి దెబ్బ తగిలి కళ్ళు బైర్లు కమ్మినా, స్కోరు గుర్తురాకపోయినా, వాంతి వచ్చేలా ఉన్నా అప్పటికప్పుడు చెప్పి బయటికి వచ్చెయ్. ఆ రోజుకి మళ్ళీ దిగకూడదు, ఫైనలైనా సరే. పక్కపిల్లలో ఆ లక్షణాలు కనిపిస్తే ఆమె వద్దన్నా నువ్వే చెయ్యెత్తి రెఫరీని పిలువు.

మ్యాచ్‌ల వేళలు రాగానే పంపు. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక, అది చూసుకుని ఫోన్ పెట్టుకు కూర్చుంటాం.

నీ పెద్దమ్మ