మే నెలలో నాన్న

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు చదివాను. పరీక్షలు అయిపోయిన దగ్గర్నుంచి రోజూ ఏదో ఒకటి రాస్తూ వచ్చావు. ఉక్కపోత, కరెంటు కోత, ఉద్యోగం సంగతి ఎప్పుడు తేలుతుందో అన్న టెన్షన్, ఇంట్లో మాటామాటా పెరగడం. వీటిలో కథ ఏముందని చివర్లో నువ్వే అడిగావు. ఉంది. నీ కాగితాల్లోనే ఉంది. నువ్వు దాన్ని దాటుకుంటూ వెళ్లిపోయావు.

మొదట్లో ఒకచోట ఇలా రాశావు: "నాన్న పొద్దస్తమానం ఇంట్లోనే. ఫ్యాను వేస్తే తప్పు, పడుకుంటే తప్పు, ఫోన్ చూస్తే తప్పు." చాలా పేజీలు గడిచాక, అమ్మ చెప్పిన బజారు పనుల మధ్యలో ఒక ముక్క పడేశావు: "యార్డుకి సెలవులు కదా, నాన్నే వెళ్లాడు." ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూడు.

గుంటూరులో పుట్టినవాడివి, మిర్చి యార్డు గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ముంచెత్తుతుంది. తేజ, బాడిగ, 341 రకాలు, రంగు పోయిన తాలు కాయలు, ఏ రకం టిక్కీలు, అంటే బస్తాలు, ఎన్ని దిగాయో, ఏ రైతుకు ఎంత చేరాలో రాసుకునే మీ నాన్నగారి లాంటి కమీషన్ కొట్టు గుమాస్తాకు ఆ రోజుల్లో అన్నం తినే తీరిక ఉండదు. మే నెల వచ్చేసరికి యార్డుకు వేసవి సెలవులిస్తారు, ఇంచుమించు నెల రోజులు. మొన్నటిదాకా రైతులూ ముఠా కూలీలూ చుట్టూ మూగి లెక్క చెప్పమని అడిగిన మనిషి ఇప్పుడు లుంగీ కట్టుకుని హాల్లో కూర్చుని ఉన్నారు. ఇంట్లో ఆయన్ని ఎవరూ ఏ లెక్కా అడగరు. ఎదురుగా చదువు పూర్తయిన కొడుకు, వాడూ ఖాళీగానే ఉన్నాడు. ఆ హాల్లో మీ ఇద్దరి మధ్య ఏం జరుగుతోందో, నువ్వు రాయాల్సింది అదే.

సెలవుల్లో ఆయనకు జీతం వస్తుందా? సగమేనా? కొట్టు యజమాని దగ్గర ముందే వాడేసుకున్నారా? జూన్‌లో చెల్లి కాలేజీ ఫీజు కట్టాలని నువ్వే రాశావు. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది? నీ కాగితాల్లో వీటికి జవాబు లేదు, నీకూ తెలియదనుకుంటాను. తెలుసుకో. ఆయన్ని అడగడం ఇబ్బందైతే అమ్మని అడుగు. ఫ్యాను కట్టేయమని ఆయన ఎందుకు అరుస్తారో ఆ జవాబులో ఉండవచ్చు.

దీన్నిబట్టి మీ నాన్నగారిని క్షమించేయమని చెబుతున్నాననుకోకు. "పడుకోడానికేనా నిన్ను ఇంజనీరింగ్ చదివించింది" అని బంధువుల ముందు అన్నారని రాశావు. ఆ మాట తప్పే. దాన్ని ఉన్నది ఉన్నట్టు రాయి, మెత్తబరచకు. ఆయన చేతిలో డబ్బు ఆడటం లేదని తెలిసిన తర్వాత కూడా ఆ మాట నిన్ను పొడుస్తుంది, బహుశా ఇంకా ఎక్కువ పొడుస్తుంది. తండ్రి రాక్షసుడైతే చదివేవాడు నీ పక్షాన చేరి ఊరుకుంటాడు. తండ్రికి ఒక కారణం ఉండి, అయినా అనకూడని మాట అంటే, చదివేవాడికి పక్కకు తప్పుకునే దారి ఉండదు.

ఇక మీ ఇల్లు. కూలర్ ఒక్కటే, అదీ హాల్లో అని ఒకచోట రాశావు. వేసవిలో మన మధ్యతరగతి ఇళ్లలో గొడవలు ఎందుకు ముదురుతాయో ఆ ఒక్క ముక్కలో ఉంది. చలికాలంలో ఎవరి మూల వాళ్లది. మే నెలలో ఇల్లంతా ఒకే గదిలో చేరుతుంది. నీ ఫోన్ మాటలు నాన్నకు వినపడతాయి, అమ్మానాన్నల వాదన నీకు వినపడుతుంది, చెల్లి పుస్తకం ముందు పెట్టుకుని అందరివీ వింటుంది. కూలర్ ఎవరి వైపు తిప్పి ఉంటుంది? అందులో నీళ్లు పోసేది ఎవరు? కుళాయి నీళ్లు రాని రోజు ఆ రెండు బకెట్లూ ఎక్కణ్ణుంచి వస్తాయి? రాత్రి చాపలు ఏ వరుసలో పరుస్తారు, గాలి అందని చివరి చాప ఎవరిది? నాకు తెలిసిన ఇళ్లన్నిటిలో ఆ చివరి చాప అమ్మదే. మీ ఇంట్లో ఎవరిదో చూసి రాయి. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఆవకాయ రోజు గురించి నువ్వు రాసింది ఒకే ఒక్క వాక్యం: "అమ్మ ముక్కలు తుడవమంది, చిరాకేసింది." ఈ చిరాకు అనే మాట నీ కాగితాల నిండా ఉంది. చదివేవాడికి అది ఏమీ చూపించదు. జీడి తీసి, పొర గీకి, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడుస్తున్నప్పుడు నీ వేళ్లకు సొన అంటింది కదా, అది రాయి. ఒక్క ముక్కకు తడి ఉన్నా జాడీ మొత్తం బూజు పడుతుందని, ఏడాది కూర లేని పూటలన్నీ ఆ జాడీ మీదే గడవాలని అమ్మ భయం. అందుకే నువ్వు ఫోన్ చూస్తూ తుడుస్తుంటే అరిచింది. అందులో కలిపిన కారం ఎక్కడిది? ఆ కాయలు మీ నాన్నగారే యార్డు నుంచి ఏరి తెచ్చి ఉంటారు. నాన్న తెచ్చిన కారం, అమ్మ భయం, నీ చిరాకు అన్నీ ఒకే బేసిన్‌లో ఉన్నాయి. అక్కడ మూడు పేజీలు రాసినా నేను వద్దనను.

ఎండ గురించి తక్కువ రాయి. "నిప్పులు చెరిగే ఎండ", "రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయి" లాంటివి అందరూ వాడేవే. రెంటచింతలలో ఎన్ని డిగ్రీలో పేపరు ఏటా రాస్తుంది. మిట్టమధ్యాహ్నం కుళాయి తిప్పితే ట్యాంకులో నీళ్లు చెయ్యి కాలేట్టు వచ్చాయని రాశావు చూడు, ఆ ఒక్కటీ చాలు.

మీ అమ్మగారి చేత పుస్తకాల భాష మాట్లాడించకు. "ఇంత ఎండలో ఎక్కడికి వెళ్తున్నావు నాయనా" అని ఆవిడ అనదు. "యాడికి పోతన్నావురా ఈ ఎండలో, తలకాయ పేలిపోద్ది" అంటుంది. ఆ గొంతు నీకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. దాన్ని దిద్దాల్సిన పని లేదు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. చెల్లి డాబా మీద ఎవరితోనో రహస్యంగా ఫోన్ మాట్లాడుతోందని రాశావు. అది తీసెయ్. నీ కోపం నీది, నీ అవమానం నీది, వాటిని నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో. చెల్లి రహస్యం చెల్లిది. అచ్చయిన కథని మీ నాన్నగారు చదివితే నీకు నాలుగు చీవాట్లు పడతాయి, ఆ పిల్లకు చదువే ఆగిపోవచ్చు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, మీ వీధిలో అందరికీ తెలిసిపోతుంది. ఎంత మంచి సన్నివేశమైనా సరే, తను సరేనంటేనే.

నాన్న చదివితే ఎలా అన్న భయం గురించి కూడా అడిగావు. రాసేటప్పుడు ఆ భయం పక్కన పెట్టు, ఎవరికీ చూపించనక్కర్లేదు. అచ్చుకు పంపే ముందు ఒకసారి ఆయన కుర్చీలో కూర్చుని చదువు. ఆయనకు కోపం వస్తే రానీ. "నేను అలా అనలేదు" అని మాత్రం ఆయన అనలేకుండా ఉండాలి.

ప్రస్తుతానికి పెద్ద కథ జోలికి పోకు. ఒక మధ్యాహ్నం తీసుకో, భోజనాలైన దగ్గర్నుంచి టీ పెట్టేదాకా. ఆ హాలు, ఆ నలుగురు, కరెంటు ఒకసారి పోయి రావడం. ఎవరు ఏం చేశారో, ఏం అన్నారో, ఏం అనబోయి ఆగిపోయారో అంతే రాయి. రాసి నాకు పంపు. యార్డు తెరిచేలోగా రాయడం మంచిది. తెరిచాక మీ నాన్నగారు పొద్దున్నే వెళ్లిపోతారు, ఇంత దగ్గరగా ఆయన్ని చూడటానికి మళ్లీ వచ్చే మే దాకా ఆగాలి. అప్పటికి నువ్వు ఏ ఊళ్లో ఉంటావో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు